ఒకే ద్వారం ఉన్న ఊరు

పంజాగుట్ట, హైదరాబాదు
14 నవంబరు 2005

చి.సౌ. వరలక్ష్మికి,

ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపినదాన్ని, ఇప్పుడు ఆడపడుచుకి ఉత్తరం రాస్తున్నానని నవ్వుకో. నవ్వడం అయ్యాక చదువు. మా ఇంట్లో ఫోను హాల్లో ఉంటుంది, మీ అన్నయ్యా హాల్లోనే ఉంటారు. నేను చెప్పబోయేది ఆయనకింకా చెప్పలేదు.

వచ్చే మే నెలలో ఆయన్ని ఇటలీ తీసుకెళ్దామనుకుంటున్నాను. నువ్వూ జోగారావు అన్నయ్యగారూ కూడా రండి.

కళ్ళు పెద్దవి చేయకు. ఎర్రమంజిల్ క్వార్టర్సులో మా వంటింటి తలుపు వెనక ఒక క్యాలెండరు ఉండేది, గుర్తుందా? డ్యాములు చూడ్డానికి ఇటలీ నుంచి వచ్చిన ఇంజనీర్లు ఇచ్చి వెళ్ళారు. మే నెల బొమ్మలో కొండ నెత్తిన ఒక ఊరు. ఆ ఏడాది అయిపోయినా మీ అన్నయ్య ఆ కాగితం చింపనివ్వలేదు. నీటిపారుదల శాఖలో మ్యాపులు గీసే పని కదా, ఆరు నెలల ట్రెయినింగుకి ఆయన్నే ఇటలీకి ఎంపిక చేశారు. ఆ ఏడే మావయ్యగారు పోయారు, ఈయన ప్రయాణం మానుకున్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కాగితం మాత్రం ఇప్పటికీ బీరువాలో చీరల కింద ఉంది.

నా ఆలోచన ఇది. కొండమీద ఒక చిన్న ఊరు చూసుకుంటాం. అక్కడ పది రోజులకి ఒక ఇల్లు తీసుకుంటాం. మన వంట మనదే. పొద్దున ఎక్కడికి వెళ్ళొచ్చినా సాయంత్రానికి అదే గుమ్మం, అదే మంచం. రోజుకో హోటలు, రోజుకో బస్సు నా వల్ల కాదు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు.

పంజాగుట్ట చౌరస్తా దగ్గర మిఠాయి దుకాణం పైన ఒక ట్రావెల్స్ ఆఫీసు ఉంది. అందులో హైందవి అనే అమ్మాయి కంప్యూటర్లో ఊళ్ళు చూపిస్తానంది. నీ జవాబు రాగానే వెళ్తాను.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. రాశాను.

నీ వదిన,
అరుణ


రామారావుపేట, కాకినాడ
27 నవంబరు 2005

వదినా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసినదాన్ని, పిల్లలు ఏ జవాబు దాచి ఏది రాశారో పట్టుకోవడం నా పని. మోకాళ్ళ నొప్పులున్నదానివి కొండమీద ఊరెందుకే? చదునుగా ఉన్న దేశం ఏదీ దొరకలేదా?

మా ఆయనకి నీ ఉత్తరం చదివి వినిపించాను. 'పది రోజులు ఒకే ఊళ్ళోనా? దానికి ఇటలీ ఎందుకు, తునిలో మా చెల్లెలింట్లో కూర్చోవచ్చు కదా' అన్నారు. ఆయన దిండు కింద ఇంకో కాగితం ఉంది. పదకొండు రోజులు, ఏడు దేశాలు, వెంట ఇద్దరు వంటవాళ్ళు. మంచుకొండ మీద కూర్చోబెట్టి పులిహోర పెడతారట. బస్సులో ముందు సీటు ఎవరిదన్న విషయం మీద వాకింగ్ స్నేహితులతో ఇప్పటికే గొడవపడ్డారు.

నిజం చెప్పొద్దూ, నాకూ ఏడు దేశాలే నచ్చాయి. మళ్ళీ మళ్ళీ వెళ్తామా ఏమన్నా? అన్నయ్యకి కూడా నాలుగు చోట్లు తిరిగితే హుషారుగా ఉంటుంది. మ్యాపు చేతికిస్తే బస్సు డ్రైవరుకే దారి చెప్పే మనిషి.

అన్నట్టు, మొన్న ఫోన్లో అన్నయ్య 'మీ పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టించావా' అని అడిగాడు. కొట్టించానని చెప్పాను. పావుగంట పోయాక మళ్ళీ అదే అడిగాడు. నేనూ కొత్తగా విన్నట్టే మళ్ళీ చెప్పాను. వయసేనా వదినా?

నాకు చెప్పాల్సింది ఏమైనా ఉంటే చెప్పు. ఉత్తరాలు నేను తప్ప ఎవరూ విప్పరు.

వరలక్ష్మి


పంజాగుట్ట
20 డిసెంబరు 2005

చి.సౌ. వరలక్ష్మికి,

వయసు కాక ఇంకేమిటి? నేను మాత్రం పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం లేదూ? నువ్వు హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం కాకినాడలోనే ఉంచుకుని, ఇక్కడికి ఆడపడుచుగా రా.

ఊరు దొరికింది. ఎలా దొరికిందో చెబుతాను విను.

హైందవి ముందు ఒకటి చూపించింది. 'ఆంటీ, అందరూ వెళ్ళేది ఇక్కడికే, మస్తుంటుంది' అంది. ఊరి చుట్టూ పాత కోటగోడ, బాగానే ఉంది. కానీ గోడకి నాలుగు ద్వారాలు. వద్దన్నాను. రెండోదానికి కొండ కిందే రైల్వే స్టేషను, గంటగంటకీ రైళ్ళు. అదీ వద్దన్నాను. మూడోది బొమ్మలో ఎంత ముద్దుగా ఉందో. కానీ గోడ బయట కొత్త ఇళ్ళు కట్టుకుంటూ పోయారు. ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. అదీ కాదన్నాక ఆ పిల్ల కుర్చీ వెనక్కి జరుపుకుని, 'ఆంటీ, అసలు మీకేం కావాలో జర చెప్పండి' అంది.

నాలుగోది రోక్కలీనా. ఆరువందల మంది జనం. చుట్టూ గోడ, గోడకి ఒకే ద్వారం. ద్వారం నుంచి చర్చి దాకా ఒకటే వీధి, ఎటు తిరిగినా మళ్ళీ ఆ వీధిలోకే వస్తారు. బళ్ళన్నీ గోడ బయటే ఆగాలి. మనకిచ్చే ఇల్లు సరిగ్గా ఆ ద్వారానికి ఎదురుగా ఉంది. కిటికీ దగ్గర కూర్చుంటే ఎవరు లోపలికి వచ్చారో, ఎవరు బయటికి వెళ్ళారో కనిపిస్తుంది. 'ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదాంటీ' అంది హైందవి. ఇదే ఖాయం చెయ్యమ్మా అన్నాను.

మీ అన్నయ్యకి ఆ సాయంత్రమే చెప్పాను. క్యాలెండరు కాగితం తెచ్చి పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. హైందవి ఊరి మ్యాపు కూడా ప్రింటు తీసిచ్చింది, ఎత్తుపల్లాల గీతలతో సహా. కాలక్షేపంగా ఉంటుందని ఆయన చేతికిచ్చాను. భూతద్దం, ఎర్ర పెన్సిలు పట్టుకుని దాని మీదే ఉన్నారు.

ఇక్కడి రోడ్ల గురించి ఏం చెప్పమంటావు. అమీర్‌పేటలో బోర్డులు వారానికోసారి మారుతున్నాయి. నిన్న చెప్పుల దుకాణం ఉన్నచోట ఇవాళ జావా నేర్పుతున్నారు, ఎల్లుండి ఇంకేదో. మొన్న మీ అన్నయ్య కళ్ళజోడు బాగుచేయించుకుని వస్తూ కాస్త అటూ ఇటూ అయ్యారు. మా వీధి చివర ఇస్త్రీ చేసే రాజనర్సయ్య లేడూ, అతను చూసి స్కూటరు మీద ఎక్కించుకొచ్చాడు. ఆ బోర్డుల్లో ఎవరైనా దారి తప్పుతారు. నేనూ తప్పాను ఒకసారి.

అన్నయ్యగారి ముందు సీటు ఎవరికైనా ఇచ్చేసి రమ్మను.

అరుణ


రామారావుపేట, కాకినాడ
28 జనవరి 2006

వదినా,

నువ్వు చెప్పిన ఊరే బాగుంది. రోక్కలీనాకే వెళ్ళండి. ఏడు దేశాల మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను.

మేం మాత్రం రాలేం. మా ఆయన కంటి ఆపరేషను ఏప్రిల్ చివరన పెట్టారు. ఏడు దేశాలూ పోయాయని మూతి ముడుచుకున్నారు. నేను లేకుండా మీ ఇద్దరే వెళ్తారంటే నాకు బెంగగా ఉంది, అయినా వెళ్ళాల్సింది మీరే.

ఒక్క విషయం కనుక్కో. ఆ ఊళ్ళోకి నీళ్ళు ఎలా వస్తాయి? ఇప్పుడు కాదు, పాతకాలంలో. ఊళ్ళో బావి ఉందా? లేకపోతే ఎక్కణ్నుంచి తెచ్చుకునేవాళ్ళు, ఏ దారిన తెచ్చుకునేవాళ్ళు? హైందవిని అడుగు. ఆ అమ్మాయికి తెలియకపోతే ఇంటివాళ్ళకి రాయించు. నవ్వి ఊరుకోకు. అడిగి తీరాలి.

అన్నయ్య బాగా తింటున్నాడా? వేడినీళ్ళు తోడేటప్పుడు పక్కనే ఉండు.

వరలక్ష్మి


పంజాగుట్ట
19 ఫిబ్రవరి 2006

వరలక్ష్మీ,

ఏమిటే నీ నీళ్ళ గొడవ? కుళాయిలున్నాయి, వేడినీళ్ళున్నాయి, స్నానాల తొట్టి కూడా ఉంది. హైందవి దగ్గరికి వెళ్ళి పాతకాలంలో బావి ఉందా అని అడిగితే ఆ పిల్ల నన్ను కూడా ఎగాదిగా చూస్తుంది. నన్ను కూడా అని రాశాను చూడు. ఇక దాచి లాభం లేదు.

మీ అన్నయ్యకి మతిమరుపు జబ్బు. మావయ్యగారికి వచ్చిందే. కిందటి ఆగస్టులో డాక్టరు చెప్పాడు. మందులున్నాయి కానీ తగ్గేది కాదట, నెమ్మదిగా పెరిగేదేనట. 'ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుంటే ఏడాదిలోపే తీసుకెళ్ళండమ్మా. ఎక్కువ మార్పులు పెట్టొద్దు, ఒకేచోట ఉంచండి' అన్నాడు. నా మోకాళ్ళకేం, గుర్రంలా ఉన్నాయి.

కళ్ళజోడు రోజున ఆయన అటూ ఇటూ అవలేదు. పొద్దున తొమ్మిదికి వెళ్ళిన మనిషి మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. రాజనర్సయ్య మెట్లు ఎక్కీ ఎక్కకుండానే, 'అమ్మా, ఫికర్ చేయకు, సార్ మంచిగనే ఉన్నడు. మైత్రీవనం కాడ గా పోరగాండ్ల నడుమ నిలబడ్డడు. ఇంటికి పోదాం రా సార్ అంటే, ఏ ఇల్లు అన్నడు. ఎర్రమంజిల్‌కి తోల్కపొమ్మన్నడు' అన్నాడు. మేం ఎర్రమంజిల్ వదిలి ఎనిమిదేళ్ళయింది. రాజనర్సయ్య భార్య వజ్రమ్మ నిమ్మకాయ నీళ్ళు కలిపి తెచ్చింది. ఆయన తాగి, 'ఈవిడ ఎవరు' అని నన్నడిగారు. రోజూ మన బట్టలు తీసుకెళ్ళే మనిషి, వరలక్ష్మీ.

ఇప్పుడు నీకు అర్థమైందనుకుంటాను ఒకే ద్వారం ఎందుకో. మాకు పిల్లల్లేరు. నేను పక్కకి తిరిగితే చూసే దిక్కు లేదు. ఆయనకేమో ఊరంతా తిరగాలని ఉంటుంది. గదిలో పెట్టి గడియ వేస్తే ఆయన బతకరు. నీ ఇంట్లో మావయ్యగారి గదికి బయట గడియ చూసి మీ అన్నయ్య వీధంతా వినపడేలా ఎలా అరిచారో నువ్వు మర్చిపోలేదు. 'మనిషికి గడియ పెట్టేవాళ్ళు మనుషులా' అన్న మాట నేనూ మర్చిపోలేదు. అందుకే గడియ అక్కర్లేని ఊరు వెతికాను. పది రోజులు ఆయన తన ఇష్టం వచ్చినట్టు నడవాలి. ఎంత నడిచినా నా కిటికీ ముందుకే రావాలి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మొన్న గురువారం గ్యాస్ అయిపోయింది. ఆయన నిద్రపోతున్నారు. పావుగంటలో వస్తాను కదా అని బయట గడియ వేసి వెళ్ళాను. వచ్చేసరికి కుర్చీలో, తలుపుకి ఎదురుగా కూర్చుని ఉన్నారు. లేచి తలుపు లాగారో లేదో నాకు తెలియదు. కాఫీ పెట్టమన్నారు. వంటింట్లో కుళాయి తిప్పి ఏడ్చాను.

నీకు ముందే చెప్పనందుకు తిట్టు. కానీ మళ్ళీ ఇదంతా చూడాలంటే నీకెంత కష్టమో అనిపించింది. ఒకసారి చూసినదానివి.

అరుణ


రామారావుపేట, కాకినాడ
5 మార్చి 2006

వదినా,

నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. అక్టోబరు నుంచి తెలుసు. అన్నయ్యే రాశాడు. జనవరిలో మళ్ళీ రాశాడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెడుతున్నాను. అతని ఉత్తరం ఇందులోనే ఉంచాను. అది ముందు చదువు, తర్వాత నాది చదువు.

---

పంజాగుట్ట
17 జనవరి 2006

వరాలూ,

చెయ్యి బాగానే ఆడుతోంది కాబట్టి ఇవాళే రాసేస్తున్నాను. మీ వదిన కూరగాయలకి వెళ్ళింది.

ఇటలీలో ఒక ఊరు ఎంచింది. గోడకి ఒకే ద్వారం ఉందని ఎంచింది. ఎందుకో నాకు తెలియదనుకుంటోంది. మంచిదే, అలాగే అనుకోనీ. నాకు తెలుసని తనకి తెలిస్తే ఇంట్లో ఇద్దరం మాట్లాడుకోడానికి ఆ ఒక్క విషయమే మిగులుతుంది. ఇప్పుడు కనీసం కూర బాగుందని, లేదని మాట్లాడుకుంటున్నాం.

కానీ ఊరు ఎంచడంలో తను పొరపాటు పడింది. నలభై ఏళ్ళు నీళ్ళ మ్యాపులు గీసినవాడి పెళ్ళాం పడాల్సిన పొరపాటు కాదు. ఊరు కొండ నెత్తిన ఉంది. లోపల ఎక్కడా బావి గుర్తు లేదు. ఊట ఉత్తరాన ఉంది, గోడకి అరవై అడుగుల కింద. పెద్ద ద్వారమేమో దక్షిణాన ఉంది. దక్షిణం నుంచి కొండ చుట్టూ తిరిగి బిందెలు మోసే ఆడవాళ్ళు ఏ దేశంలోనూ ఉండరు. కాబట్టి ఉత్తరపు గోడలో ఒక చిన్న తలుపు ఉండి తీరాలి. మనిషి పట్టేంత తలుపు, అక్కణ్నుంచి ఊట దాకా మెట్లు. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, అంటే మెట్ల పక్క లోయ. ఇంటి కిటికీలోంచి అది కనపడదు.

మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను. నువ్వు ఏదో వంకన మీ వదిన చేత కనుక్కునేలా చెయ్యి. ఆ తలుపుకి గడియ ఉందో లేదో అడగమను. నేను చెప్పానని చెప్పకు. ఈ మాట ముందే రాశానేమో, పైన చూసుకో.

గడియ మాట వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఇది మర్చిపోయేలోపు రాయాలి.

నాన్న జ్వరంతో పోలేదు. నీ దగ్గర్నుంచి తీసుకొచ్చినప్పుడు మా ఇంట్లో ఏ తలుపుకీ గడియ పెట్టనని నీ మీద కోపంతో అన్నాను. పెట్టలేదు. పద్దెనిమిదో రోజున నేను ఆఫీసులో ఉండగా నాన్న బయటికి వెళ్ళిపోయాడు. ఆషాఢం వాన. రెండు రోజులు వెతికాం. మూడో రోజున యూసుఫ్‌గూడలో ఒక చేదబావి గట్టున దొరికాడు, తడిసి, వణుకుతూ. ఇంకో రెండు రోజులు బతికాడు. నువ్వు గడియ పెట్టి మూడేళ్ళు కాపాడావు. నేను తలుపు తెరిచి ఇరవై రెండు రోజుల్లో పోగొట్టాను. ఆ తర్వాత పదమూడు నెలలు నీకు ఉత్తరం రాయలేదు చూడు, అది కోపం కాదు. నీకు మొహం చూపించలేక.

నువ్వు రావద్దు ఇటలీకి. నాన్నని చూశావు, చాలు.

చలపతిరావు

---

చదివావా వదినా?

నీళ్ళ గురించి ఎందుకడిగానో ఇప్పుడు తెలిసింది కదా. ఆ తలుపు సంగతి తప్పకుండా కనుక్కో. అది వేరే.

ఇప్పుడు నా మాట. నాన్న శవం పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, 'జ్వరం వరలక్ష్మీ, రెండు రోజుల జ్వరం' అన్నావు. నువ్వే అన్నావు. నేను నమ్మాను. జ్వరం ఎందుకొచ్చిందో కూడా నాకు నేనే చెప్పుకున్నాను. మూడేళ్ళు గదిలో పెట్టి ఉంచాను కదా, ఒళ్ళు నీరసించిపోయింది, గాలి మారగానే తట్టుకోలేకపోయాడు అని. నేనే చంపానని అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు అనుకున్నాను. ఈ ఇంట్లో ఆ గదికి ఇప్పటికీ బయట గడియ లేదు, పీకించేశాను. మా ఆయన ఎందుకని అడిగితే తుప్పు పట్టిందన్నాను.

ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు? ఇంట్లో ఉన్నావా?

అన్నయ్యని నేనేమీ అనలేను. ఇప్పుడు అన్నా అతనికి రేపటికి గుర్తుండదు. నువ్వు జవాబు చెప్పు.

వరలక్ష్మి


పంజాగుట్ట
2 ఏప్రిల్ 2006

వరలక్ష్మీ,

ఆ రోజు నేను ఇంట్లో లేను. ఎక్స్ఛేంజిలో పగటి డ్యూటీ. సెలవు పెట్టమని ఆయన అన్నారు. పొద్దున మావయ్యగారు చక్కగా ఇడ్లీ తిని పేపరు చదువుతున్నారు, ఇవాళ బాగానే ఉన్నారులే అని నేనే వెళ్ళాను. పక్క క్వార్టరు జానకీదేవిగారిని ఓ కన్నేసి ఉంచమన్నాను. ఆవిడ వంటకి లేచింది. ఆవిడ తప్పేమీ లేదు.

జ్వరమని చెప్పింది నేనే. కాకినాడకి ట్రంకాల్ నేనే కలిపాను. ఆ రోజు లైను బాగానే ఉంది, నీ ఊపిరి కూడా వినపడింది. మీ అన్నయ్య పక్కన నిలబడి, 'ఉన్నది ఉన్నట్టు చెప్పు' అన్నారు. నేను చెప్పలేదు. ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను. నీ మీద ఏం పడుతుందో ఆలోచించలేదు. ఆలోచిస్తే తెలిసేదే. నేను ఆలోచించలేదు.

క్షమించమని అడగడానికి మొహం లేదు. అడగను.

ఆయన ఉత్తరం నేను చదివినట్టు ఆయనకి చెప్పలేదు. ఆయన కోరిక అదే కదా. మ్యాపు మాత్రం తీసి చూశాను. ఉత్తరపు గోడ దగ్గర ఎర్ర గుర్తు ఉంది, చిన్నగా, శ్రద్ధగా. హైందవి చేత ఆ ఇంటివాళ్ళకి రాయించాను. జవాబు నిన్న వచ్చింది. ఉత్తరాన నీళ్ళ తలుపు అని ఒకటి ఉందట, ఇనప గడియ కూడా ఉందట. 'మ్యాపులో లేదే, ఈ విషయం మీకెవరు చెప్పారు' అని ఆశ్చర్యపోయారు. హైందవి అడిగితే, మా ఇంట్లో ఒక ఇంజనీరుగారు ఉన్నారని చెప్పాను. ఆ తలుపు మూసి ఉంచుతామన్నారు.

ప్రయాణం మే పన్నెండున. నువ్వు వద్దంటే మానేస్తాను.

అరుణ


రామారావుపేట, కాకినాడ
16 ఏప్రిల్ 2006

వదినా,

వెళ్ళండి.

నాకింకా కోపంగానే ఉంది. ఎప్పుడు తగ్గుతుందో తెలియదు. అది తగ్గేదాకా అన్నయ్య ఆగలేడు కదా.

మూసి ఉంచుతామన్న వాళ్ళ మాట నమ్మి ఊరుకోకు. వెళ్ళగానే ఆ తలుపు నీ చేత్తో లాగి చూడు. అన్నయ్య చొక్కా జేబులో ఆ ఇంటి చిరునామా పెట్టు, మెడలో కూడా వెయ్యి. ఉసిరికాయ పచ్చడి హైదరాబాదు వెళ్ళేవాళ్ళ చేత పంపుతున్నాను. అన్నయ్యకిష్టం.

వరలక్ష్మి


రోక్కలీనా, ఇటలీ
21 మే 2006

వరలక్ష్మికి,

ఇక్కణ్నుంచి ఉత్తరం వేస్తే మేం తిరిగొచ్చాక చేరుతుందేమో. అయినా ఇక్కడే కూర్చుని రాయాలి.

ఊరు హైందవి చెప్పినట్టే ఉంది, చూడ్డానికేమీ లేదు. వీధి వెడల్పు మన మంచమంత. పొద్దున ఆయన ద్వారం నుంచి చర్చి దాకా, చర్చి నుంచి ద్వారం దాకా నాలుగుసార్లు నడుస్తారు. గుమ్మాల్లో కుర్చీలు వేసుకున్న ముసలాళ్ళకి 'బాగున్నారా' అని తెలుగులో చెబుతారు, వాళ్ళు వాళ్ళ భాషలో ఏదో చెబుతారు. ఎవరికీ ఇబ్బంది లేదు. నేను కిటికీ దగ్గర కూర్చుని బీన్సు తరుగుతూ ఉంటాను. ఏడాదిగా ఇంత నిశ్చింతగా కూర్చున్నది లేదు. నీ పచ్చడి రెండు రోజుల్లో సగం అయింది.

వచ్చిన రోజునే ఆ చిన్న తలుపు చూశాం. ఆయనే ముందు నడిచారు. సరిగ్గా ఎర్ర పెన్సిలు పెట్టిన చోటే ఉంది, వంగి వెళ్ళాల్సినంత చిన్నది. 'చూశావా' అన్నారు. ఆ మొహం చూసి నేను నవ్వేశాను. గడియ లాగి చూశాను, గట్టిగా ఉంది.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఆయన నిద్రలేచి, 'ఎర్రమంజిల్ బస్సు ఎక్కడ ఆగుతుంది' అని అడిగారు. టీ తాగి వెళ్దామన్నాను. నీళ్ళు పెట్టడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి లేరు. కిటికీలోంచి చూశాను, ద్వారం దగ్గర లేరు. వీధిలో లేరు. చెప్పులు కూడా వేసుకోకుండా ఉత్తరం వైపు పరిగెత్తాను. ఆ రోజు ఎవరో ఊట దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచి వదిలేశారు. ఆయన గడప మీద నిలబడి ఉన్నారు. ఒక కాలు బయట మెట్టు మీద ఉంది. కింద ఎంత లోతో నేను చూడలేదు.

పిలిస్తే ఉలిక్కిపడతారేమోనని పిలవలేదు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన కిందికి చూస్తూనే, 'అరుణా, నాన్న ఇటు వెళ్ళాడా?' అన్నారు.

వెళ్ళలేదండీ, లోపలే ఉన్నారు, అన్నాను.

'ఖాయంగా?'

ఖాయంగా అన్నాను.

కాలు లోపలికి తీసుకున్నారు. తలుపు దగ్గరికి లాగారు, బరువుగా ఉంది, నేను పట్టుకోబోతే వద్దన్నారు. రెండు చేతులతో గడియ తోశారు. పడిందో లేదో అని రెండుసార్లు లాగి చూశారు. తర్వాత అరచేతి తుప్పు చొక్కాకి తుడుచుకుంటూ, 'వరాలుకి రాయి, గడియ నేనే వేశానని' అన్నారు.

ఆ పూట నా చెయ్యి వదల్లేదు. మర్నాటికి ఆయనకేమీ గుర్తు లేదు. చొక్కా మీద మరకేమిటని నన్నే అడిగారు. ఆ చొక్కా నేను ఉతకలేదు, అలాగే తెస్తున్నాను.

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. గడియ మీ అన్నయ్యే వేశారు. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను, వరలక్ష్మీ.

నీ వదిన,
అరుణ